సావనదుర్గ మీద రెండో వాన

మాగడి దాటేసరికి ఎండ.
బూటు తాళ్లు కట్టుకునేలోపు మబ్బు.
బండ మీద మొదటి తెల్ల బాణం గుర్తు దగ్గర
తుంపర, అదీ ఎండలోనే.
కుక్కకీ నక్కకీ పెళ్లి అన్నాడు శేషగిరి.
వాడి ఫోనులో మాత్రం రోజంతా
గుండ్రటి సూర్యుడే.

ఓబులప్ప ఫోను చూడడు.
అరచేయి తిరగేసి గాలికి పెడతాడు
పసిబిడ్డ నుదురు చూసినట్టు.
"ఇది పోతాది. దీని ఎనక ఇంకోటుండాది."
కన్నడ ఊళ్లో పుట్టిన తెలుగు,
తాతల సుత్తి సంచిలో వలస వచ్చిన తెలుగు.
బెంగుళూరులో సగం గడపరాళ్లు మావే అంటాడు
చూపుడువేలికి చివరి కణుపు లేని చేత్తో.

మెట్లు లేవు. ఏనుగు వీపులా ఒకటే బండ.
శేషగిరి జియాలజీ చదివి బీమా పాలసీలు అమ్ముతాడు.
ఇది అగ్నిపర్వతం కాబోయి ఆగిపోయిందని చెప్పాడు,
రొప్పుతూ, మాటకీ మాటకీ మధ్య నీళ్లు తాగుతూ.
కింద కరిగిన రాయి పైకి బయల్దేరిందట,
నోరు దొరకలేదట,
మైళ్ల లోతున అక్కడికక్కడే
గట్టిపడిందట.
పైనున్న నేలంతా వానలు మోసుకుపోయాక
ఇదిగో, మన కాళ్ల కింద.

వాడు మాలుగా చెప్పాడు.
నాకు నా దవడ గుర్తొచ్చింది.
పదకొండేళ్లుగా ఒకే బల్ల, ఒకే మేనేజరు;
నిద్రలో పళ్లు నూరుతున్నానని
డాక్టరు ప్లాస్టిక్ తొడుగు చేయించి ఇచ్చాడు.
నెలకోసారి అరుగుతుంది.

రెండో వాన మంచనబెలె నీళ్ల మీంచి
నడిచి రావడం కనిపించింది.
ముందు గాలి. తర్వాత వాసన.
తర్వాత బండంతా చేప వీపు.
"కూసో అక్కా. ఇప్పుడు కూసోడమే నడక."

ఉరుము పడ్డ ప్రతిసారీ లెక్కపెడుతూ
ఓ చీలికలో ముగ్గురం ఒదిగాం.
చుట్టూ నీళ్లు పరుగులు. నా తొడ కింద రాయి
ఇంకా వెచ్చగా ఉంది, పొద్దుటి ఎండ దాచుకుని.

అడిగితే చెప్పాడు, బండను ఎట్లా లేపుతారో.
"సుత్తేస్తే మొండికేస్తాది.
కట్టెలు పేర్చి సన్నగా మంట పెట్టాల.
నిప్పులోంచి వచ్చిందే గదా, జ్ఞాపకమొస్తాది దానికి.
మా నాయన పక్కన కూసోని తట్టతా ఇనేవోడు.
సద్దు మారితే పొర లేసినట్టు."
ఎంతసేపు?
"ఒగోసారి రాత్రంతా."

పైన నంది ఉందట. మేం చూడలేదు.
కూర్చుని జారుతూ దిగాం. నా ప్యాంటు చిరిగింది.
కింద దోసకాయ ముక్కలకి కారం ఎక్కువైంది.
అప్పుడొచ్చింది శేషగిరి ఫోను చెప్పిన ఎండ,
ఆలస్యంగా, సిగ్గు లేకుండా.

రాత్రి తొడుగు పెట్టుకున్నాను. తీసేశాను.
దీపమార్పి
వేలితో దవడ మీద తట్టాను.
ఆగాను.
ఇంకొంచెం కిందగా తట్టి
విన్నాను.