రెండక్షరాలు

మల్లేపల్లి చౌరస్తాల నాది పేర్లు రాసే దుకాణం.
అక్షరానికి ఇరవై, వత్తుంటే ఇంకో ఐదు.
ఫ్లెక్సీలొచ్చినంక సగం గిరాకి పోయింది,
మిగిలిన సగం దేవుళ్లే నడిపిస్తున్నరు.

చింతపల్లి పాస్టరు గోడకు ‘సృష్టికర్త’ రాయించిండు.
సకు సుడి, షకు ట వత్తు, రకు త వత్తు,
కుంచె మూడుసార్లు ఊపిరి బిగపట్టాలె.
‘దేవుడు’ అంటే సరిపోదా సార్, ఖర్చు తగ్గుతది అన్న.
‘చేసినోడని తెలవాలె గదా’ అన్నడు.

చేసినోడు.
మా నాయన కొలిమి కాడ ఈ మాటే వాడెటోడు.
కర్రు వంకరొస్తే ‘చేసినోని చెయ్యి వణికింది’ అని
తనను తనే తిట్టుకునెటోడు.
మర్రిగూడ బస్సుల ఒకపారి
మోకాళ్లు లోపలికి తిరిగిన పిలగాన్ని జూసి
అదే మాట మెల్లగ అన్నడు.
ఆ దినం ఎవల్ని తిట్టిండో
నేనడగలే, ఆయన చెప్పలే.

మేము విశ్వకర్మ అంటం.
పంచాంగం అయ్యగారు విధాత అంటడు.
పత్తి ఏరబోయే మా మేనత్త ‘పైనోడు’ అంటది,
మేస్త్రిని గూడ గదే అంటది,
ఎవని మీద కోపమో
గొంతును బట్టి అర్థం జేసుకోవాలె.

మొన్న కురుమోళ్ల బుగ్గమ్మ వచ్చింది,
నలభై రూపాయలు కొంగున ముడేసుకొని.
డిండి తొవ్వ వెడల్పు జేస్తున్నరు,
మలుపు కాడ ఒక రాయుంది,
పేరుంటే పక్కకు జరిపి గద్దె కడ్తరట,
పేరు లేకుంటే కంకర్ల కలుపుతరట.
‘రాయి మీద పేరు రాయి నాయినా.’

ఏం పేరన్న.
నేనేదో అనరాని మాటన్నట్టు జూసింది.
మైసమ్మనా?
మైసమ్మ చెరువు కట్ట ఇడిసి ఎందుకొస్తది.
ఎల్లమ్మనా?
ఎల్లమ్మకు గౌండ్లోళ్లు ఊళ్లెనే కట్టిన్రు.
పోశమ్మ?
పోశమ్మ ఇంటె ఊకుంటదా, మెల్లగ మాట్లాడు.
మరి మీరేమని పిలుస్తరు?
‘పిలుసుడెందుకు? ఆడనే ఉంటది గదా.’

మందల పిల్ల తప్పితే ‘ఆమె చూస్తది’ అంటరట.
మొగులు ఎత్తుకొని వచ్చి ఉత్తగ పోతే
‘ఆమెకు మనసొప్పలే’ అంటరట.
మేక ఈనితే తొలి జున్ను ఆమెకేనట.
ఊరు పడకముందు, తొవ్వ పడకముందు,
నేను అక్షరానికి ఇరవై తీసుకునే
ఆ అక్షరాలు పుట్టకముందు నుంచి
ఆడ కూసున్నదట.

టీవీఎస్ మీద డబ్బ పెట్టుకొని పోయిన.
రాయికి మొఖం లేదు.
పసుపు, నూనె, కుంకుమ, మళ్ల పసుపు
బొటనవేలు మందం.
ఎనామిల్ అంటదే!
తలకట్టు పెడితే జారి దీర్ఘమైతుంది.
గీకాలె అన్న.
‘గీకినోని చెయ్యి...’ అని ఆపేసింది,
ఆమె ముంగట తిట్టు మొత్తం తియ్యలేక.

పంచరు దుకాణంల రేకు ముక్క అడుక్కొచ్చి
తెల్ల రంగు పూసిన.
ఆరేదాక ఇద్దరం సర్కారు తుమ్మ కింద కూసున్నం.
బుగ్గమ్మ చుట్ట తాగింది.
లారీలు పోతున్నయి, ఒక్కొక్కదాని నుదుటి మీద
ఒక్కొక్క దేవుడు, సగం నా చేతి రాతే.
అప్పుడు లేచి రాసిన:

ఆమె.

ఏముందని అడిగింది. చదివిన.
రేకును ఎగాదిగా జూసింది.
‘గింతేనా?’ అన్నది,
మళ్ల తనే ‘గింతే’ అన్నది.

నాలుగొద్దులకు సూపర్‌వైజరు వచ్చి
రిజిస్టర్ల ఎక్కించుకున్నడట:
‘ఆమె గుడి, ఒకటి.’
జరుపుతరో, మరుస్తరో,
రోడ్డు ఇంక మలుపు దాక రాలే.

నలభై చేతిల పెడితే వాపసియ్యబోయిన.
‘ఉంచుకో. వత్తు లేకున్నా వొత్తి రాసినవు’ అన్నది.

ప్రతి బోర్డు మూలకు
‘బ్రహ్మచారి ఆర్ట్స్’ అని, కింద సెల్ నంబరు రాస్తా.
అలవాటుగ కుంచె ఆ మూలకు పోయింది గాని
ఆ రాయిని చెక్కినోడు గూడ
ఎక్కడా రాసుకోలేదని గుర్తుకొచ్చి
డబ్బకు మూత పెట్టిన.