ఇరవై మూడో పేజీ నుంచి

షీరే నది మా స్కూల్లోకి వచ్చింది,
హాజరుపట్టీలో సంతకం పెట్టకుండా
నాలుగు రోజులు కూర్చుని వెళ్లిపోయింది.
వెళ్తూ వెళ్తూ రేకుల కప్పు సగం,
హెడ్మాస్టరు మేకలు పద్నాలుగు,
వంటమనిషి నాజేరె పొయ్యిరాళ్లు మూడూ పట్టుకెళ్లింది.
వదిలేసినవి: మోకాలి లోతు బురద,
స్టాఫ్‌రూములో ఒక వాలుగ చేప,
అల్మరాలో ఆరువందల నోటుపుస్తకాలు
నానబెట్టిన అటుకుల్లా.

నేను లెక్కల మాస్టారిని.
ఆ పుస్తకాల్లో ఎర్ర సిరా నాది.
తెరిస్తే నేను దిద్దిన తప్పులన్నీ కరిగి
పేజీలు కళ్లకలక వచ్చినట్టున్నాయి.
పారబోద్దామన్నాను.

"వద్దు సార్" అంది ఎనెలెస్,
ఫారం త్రీ, వెనక బెంచీ,
మూడేళ్లలో ఒక్కసారీ చెయ్యెత్తని పిల్ల.
వాళ్ల అవ్వ బ్లాంటైర్‌లో కాగితం గుజ్జుతో
పొయ్యి ఇటుకలు చేసేదట.
ఊళ్లో కట్టెలన్నీ నీళ్లు తాగి ఉన్నాయి.
కొండంటూ లేని ఈ పల్లంలో
బొగ్గు ధర కొండెక్కి కూర్చుంది.

చించారు. మొక్కజొన్న దంచే రోకళ్లతోనే దంచారు,
భూగోళం, బైబిలు, చిచేవా వ్యాకరణం
ఒకే రోట్లో.
రంపంపొట్టు కలిపారు.
పగిలిన నీళ్లపైపు ముక్క అచ్చయింది.
ఒక ఇటుక మీద కప్ప గుండె బొమ్మ తేలింది,
మూడు గదులూ, పేర్లతో సహా.

మొదటిరోజు డెబ్భై అమ్ముడుపోయాయి.
రెండోరోజు తెల్లారకముందే గేటు దగ్గర
బజారు ఆడవాళ్లు, కళ్లు చింతనిప్పులు:
"పొగ అమ్ముతారా మాకు?
న్సీమా ఉడకలేదు, పిల్లలు దగ్గి దగ్గి పడుకున్నారు."
ఎనెలెస్ డబ్బు తిరిగి ఇచ్చేసింది, చిల్లరతో సహా.
ఫనిజో తన వాటా అప్పటికే
వేడి వేడి మాండాసీ కొనుక్కుని తినేశాడు.
జేబులు బయటికి లాగి చూపించాడు,
ఒకదానికి చిల్లు కూడా ఉంది.

ఆ తర్వాత వేరుశనగ పొట్టు.
మూడు ఎండలు కాదు, ఏడు.
కూలిన కప్పు రేకులే ఆరబెట్టే బల్లలు.

గుట్ట అడుగున లైటన్ పుస్తకం దొరికింది.
వరద తర్వాత లైటన్ బడికి రాలేదు.
మొజాంబిక్ వైపు పడవెక్కాడని కొందరన్నారు.
కొందరు ఏమీ అనలేదు.
రోకళ్లు ఆగాయి.
"కాగితం కాగితమే" అన్నాడు ఫనిజో,
అని, వాడే పోయి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

కిటికీ ఊచల మధ్య పెడితే
అప్పడంలా వంకరపోయి ఎండింది.
ఇరవై రెండు పేజీలు వాడివి.
చివరి లెక్కలో ఎక్స్, దాని పక్కన సమానం గుర్తు,
అంతే.
తర్వాతివన్నీ ఖాళీ.

కొత్త కాగితం ఎక్కడిది?
ఇరవై మూడో పేజీ నుంచి జమాఖర్చు మొదలుపెట్టారు.
పొట్టు, రెండు బస్తాలు. తిరిగిచ్చిన సొమ్ము.
ఫనిజో బాకీ.
ఫనిజో బాకీ.
ఫనిజో బాకీ, సగం తీరింది.
నోటుపుస్తకాలు నలభై, సుద్దముక్కలు ఒక డబ్బా.
నాజేరెకు పొయ్యిరాళ్లు: తనే ఏరుకుంది, ఖర్చు లేదు.

నెలాఖరుకి సరిచూడమని నా చేతికిచ్చారు.
పదిహేను క్వాచాలు తప్ప అన్నీ కుదిరాయి.
ఊరికే వెనక్కి తిప్పాను.
ఇరవై రెండో పేజీలో, సమానం తర్వాత,
ఎవరిదో పెన్సిలు:
మైనస్ నాలుగు.

ఎర్రపెన్ను మూత తీసి
సిరా ఆరిపోయేంతసేపు పట్టుకున్నాను.
జవాబు తప్పు. గుర్తు తారుమారైంది.
ఇంటూ పెట్టాను,
ఎవరి పుస్తకంలోనైనా పెట్టినట్టే.

మర్నాడు చూస్తే మైనస్ లేదు.
రబ్బరు పొట్టు ఇంకా పేజీ మడతలోనే ఉంది.
ఎవరని అడగలేదు.
బయట ఏడో ఎండ;
పిల్లలు ఇటుకల్ని
రెండోవైపుకి తిప్పుతున్నారు.