చివరిది

ఎల్స్‌పెత్ ఉతికేవన్నీ చిన్న దుప్పట్లే.
ఏ మంచం ఖాళీ అయిందో
ముందు ఆమె బుట్టకే తెలుస్తుంది.

యాభై మూడేళ్ళకి పరుగు బూట్లు కొంది.
మైలుకి రెండు పౌన్లిస్తానన్నాడు మాంసం కొట్టు ఫార్కర్,
నడిస్తే ఒకటేనట.

మసెల్‌బరా దగ్గర సముద్రపు గాలి
భుజాలు పట్టుకుని వెనక్కి తోసింది.
పిక్కలు బండరాళ్ళు.
కుర్చీలు మడిచేస్తున్నారు,
అరటితొక్కలు ఊడ్చేస్తున్నారు,
ఆమె ఇంకా వస్తూనే ఉంది
పరుగూ కాని నడకా కాని అడుగులతో,
ఫార్కర్‌ని ఎలా ఒప్పించాలా అనుకుంటూ.

సోమవారం ఆరో గదిలో
రూరీ పతకం కొరికి చూశాడు.
"ఎన్నోదానివి?"
"చివరిదాన్నిరా."
ముక్కు గొట్టం సర్దుకుని లెక్క వేశాడు.
"అయితే అందరికంటే ఎక్కువసేపు
పరిగెత్తింది నువ్వే!"

వంగి దుప్పటి అంచు దోపింది.
ఒకటే మూల,
చాలాసేపు.