బంగారు రంగు బిళ్ల

సిరొంచ బస్టాండు పక్కన నా రిపేరు డబ్బా.
గాజు కింద బిళ్లలు,
రూపాయంత గుండ్రం, బంగారు రంగు.
కిరణాలు బంద్ అని మీద మరాఠీ రాత.
చంద్రపూర్ ఏజెంటు యాభై ఇచ్చిపోయిండు,
ఇరవై ఏడు అమ్మిన.
పని చేస్తలేదని ఒక్కరన్నా తిరిగి రాలే.
చెయ్యకపోతే తెలిసేదెట్ల?

తునికాకు పైసలు కొంగున ముడేసుకొని
అంకీస నుంచి గట్టుబాయి వచ్చింది,
వెనక ఏడో నెల కోడలు.
"పొద్దుమాపు ఫోనే. పొట్ట మీద పెట్టుకొనే పంటది.
లోపలి పానానికి ఏమన్న అయితదేమో,
ఒకటి అంటియ్యి బిడ్డా."

నూటయాభై తీసుకున్న. గోరుతో కాగితం లేపి అంటిస్తున్న.
అప్పుడు స్వరూప, నేల చూసుకుంట:
"అన్నా, ఇది అన్నీ ఆపితే
బల్లార్షా నుంచి ఆయన మాట ఎట్లొస్తది?"

పదకొండేండ్లు బోర్డులు విప్పిన చెయ్యి
అట్లనే ఆగింది.

రింగిచ్చి చూసిన. మోగింది.
బిళ్లకు ముందు రెండు గీతలు, తర్వాతా రెండే.
నా సద్దిడబ్బా తుడిచి, ఫోను పెట్టి మూత బిగించిన.
స్టీలు లోపల్నుంచి, సన్నగా, అదీ మోగింది.
చపాతీలు చుట్టే రేకు మూడు మడతలు చుడితే
అప్పుడు చచ్చింది.
కిరణమూ లేదు, మొగడూ లేడు.

"సగం ఆపేటిది ఇంకా పాడు" అని చెప్పిన.
"ప్రాణహిత అవతలి టవరుకు ఇనబడాలని
ఫోను గొంతు చించుకుంటది,
చెవిటి తాతతోని ముచ్చట పెట్టినట్టు."
హాని ఉందా అంటే నాకు తెల్వదు.
తెల్వదని చెప్పుడు ఆ రోజే మొదలు.

"దూరం పెట్టుకో చెల్లే, స్పీకరు వెయ్యి."
గట్టుబాయి మొకం వెలిగింది: "ఔ, మేమూ ఇంటం!"
స్వరూప మొకం చూసి
గోడకున్న తీగ ఇయర్‌ఫోను దించిన.
నూటఇరవై. ముప్పై తిరిగిచ్చిన.

బిళ్ల మాత్రం గట్టుబాయి వదల్లే.
పీకి కోడలి అరచేతుల పెట్టింది,
"ఉండనియ్, దిష్టికి."

ఇరవై రెండు మిగిలినయ్.
గాజు కింద నుంచి తీసి సొరుగుల వేసిన,
పారెయ్యలే.
మాపటికి ఏజెంటు ఫోను:
"ఇంకెన్ని పంపాలె?"
రెండు గీతలున్నయ్, మాట సాఫుగనే వస్తుంది.
"ఇనబడ్తలేదు" అన్న.