బుడంకాయ బరువు

వంటింటి త్రాసు మీద స్టీలు గిన్నె,
గిన్నెలో నువ్వు.
మూడు వందల ఎనభై.
పోయిన ఆదివారం నాలుగు వందల పది.
ముప్పై గ్రాములంటే ఎంత?
ఒక ఇడ్లీ కూడా కాదు.
తొమ్మిది వారాల నీ ఒంటికి మాత్రం
ఇల్లు దోచుకుపోయినంత.

పేరుకి పందివి, పందివి కావు.
గినీ దేశం నువ్వెన్నడూ చూడలేదు.
టే నది గాలి తలుపు సందుల్లో ఈల వేసే
డండీ ఊరి మూడో అంతస్తు ఫ్లాట్లో
మా వకుళ నీకు పెట్టిన పేరు బుడంకాయ.
ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు
కుయ్ కుయ్ మని ఇల్లెగిరిపోయేలా అరిచేదానివి.
మూడు రోజులుగా
తెరిచినా మూసినా
నీ మూల నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.
వెనక కాలు ఈడుస్తున్నావు.
బొచ్చు తడిసి ఆరిన కొబ్బరి పీచులా రేగింది.
ఎత్తుకుంటే కీచుమన్నావు,
ఎక్కడ నొప్పో చెప్పని కీచు.

"ఏం పెడుతున్నారు?" అంది డాక్టర్ ఐలీ.
వకుళ నా కోటు బొత్తాం తిప్పుతూ ఒప్పుకుంది:
అటుకులు.
కుందేళ్ళ గింజల పొట్లం, బొమ్మ బాగుందని.
రోజూ పొద్దున తన టోస్టులో ఒక మూల, మార్మలేడ్ రాసి.
"అందులో నారింజ ఉంది కదా?"

ఆ మార్మలేడ్‌కి పేరుపడ్డ ఊరే మాది.
ఉడికి ఉడికి చక్కెరలో మునిగిన తొక్కలో
నారింజ వాసన మిగులుతుంది గాని
నారింజ మిగలదమ్మా.

సి విటమిన్ దీని ఒళ్ళు తయారు చేసుకోలేదంది డాక్టర్.
పిల్లి చేసుకుంటుంది, ఎలుక చేసుకుంటుంది, మేకా చేసుకుంటుంది.
ఇదీ, మనమూ చేసుకోలేం.
ఏ రోజుది ఆ రోజు బయటి నుంచి తెచ్చుకోవాలి,
దినకూలి మాదిరి.

ఇదీ, మనమూ అన్నప్పుడు
నాలుకతో నా చిగుళ్ళు తడుముకున్నాను.
రాత్రంతా సూపర్‌మార్కెట్లో అరలు సర్ది
నిలబడి టీలో బిస్కెట్టు ముంచుకు తినే నోరు.
పళ్ళు తోముకుంటే సింకులో గులాబీ రంగు.
ఎవరికీ చెప్పలేదు.
నన్ను త్రాసెక్కించేదెవరు?

ఇక నీ కంచం మారింది.
రాత్రీ పగలూ ఎండుగడ్డి, నువ్వు మునిగేంత.
ఎముకలు ముదిరేదాకా, ఇంకో నాలుగు నెలలు,
అందులో కాస్త లూసర్న్ గడ్డి.
బతికినన్నాళ్ళూ నీ పళ్ళు పెరుగుతూనే ఉంటాయట,
నమిలి నమిలి అరగదీయకపోతే
నోరే మూసుకుపోతుందట.
ఎర్ర క్యాప్సికం ఒక చీలిక.
కొత్తిమీర నాలుగు రెమ్మలు,
మా పచ్చడి కట్టలోంచే, అన్నదమ్ముల వాటా.
గోంగూర మాత్రం అడక్కు తల్లీ, రాళ్ళు కడతాయి.
ఉల్లి వద్దు, బంగాళాదుంప వద్దు,
ఆవకాయ కలిపిన చెయ్యి కూడా వద్దు.
మందు నీళ్ళ సీసాలో కలిపితే వెలుతురుకి చచ్చిపోతుంది;
సిరంజితో, బుగ్గ పక్కనుంచి,
గొంతులోకి కాదు, పక్కనుంచి, మెల్లిగా.

ఆ రాత్రి పని మానేశాను.
రెండు గంటలకోసారి పచ్చటి గడ్డి జావ,
సగం నీలోకి, సగం నా నైటీ మీదికి.
ఒక్క పూట ఖాళీగా ఉంటే నీ పేగు నిలిచిపోతుందట.
అందుకని తెల్లవారుజామున నాలుగింటికి
నలభై ఒకటేళ్ళ మనిషి
టార్చి వేసుకుని నీ పెంటికలు లెక్కపెడుతోంది.
ఏడు. ఎనిమిది. ఇదొకటి చిన్నది.
వకుళ కళ్ళు నులుముకుంటూ వచ్చి
"ఎన్నొచ్చాయమ్మా?" అంది,
పరీక్ష మార్కులడిగినట్టు.

శనివారం షిఫ్టు దిగి
ధర తగ్గించి పసుపు చీటీ అంటించిన క్యాప్సికంలు రెండు తెచ్చాను.
నీకొక చీలిక, వకుళకి సగం.
మిగిలింది సింకు దగ్గర, ఉప్పైనా లేకుండా, నేను.
కరకర.
నీ మూల నుంచి ముందు ఏమీ లేదు.
తర్వాత, చిన్నగా,
కరకర.

ఆదివారం. స్టీలు గిన్నె.
మూడు వందల ఎనభై ఏడు.
వకుళ పెన్సిలుతో గోడ మీద రాసింది.
ఇంటి ఓనరు చూస్తే తిడతాడు.
చూడనీ.

ఫ్రిజ్ తలుపు తీశాను, పాల కోసమే.
కుయ్ మంది ఇల్లు.