వినియోగ ధ్రువపత్రం

అడిగింది పద్దెనిమిది లక్షల నలభై వేలు.
వచ్చింది నాలుగు లక్షల ఇరవై.
అదీ మార్చి ఇరవై ఏడు సాయంత్రం,
ట్రెజరీలో బీరువాలకు తాళాలేసే వేళకు.
సామాను మూడు రోజుల్లో కొనాలి,
లేదా కారణం రాసి ఎనక్కి పంపాలి.

అయ్యా,
పై మొత్తాన్ని దేనికి మంజూరు చేశారో
దానికే వాడామని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను.
ఆ వాక్యం మీదే. దాని కింద
'ఇతర వివరాలు' అని కాస్త జాగా వదిలారు.
నేను అందులోకి వస్తున్నాను.

మా మార్కాపురంలో
రాతిని పొరపొరగా విప్పి
ఊరూరి పిల్లలకు పలకలిచ్చారు.
ఒక పలక తేలితే బండెడు చెత్త.
ఆ దిబ్బలు అట్నే ఉన్నాయి,
వానకు నల్లగా, ఎండకు బూడిదగా,
ఎవరూ దిద్దని అక్షరాలు.
ఆ పొడిని కాల్చి పటికనీళ్లలో నానబెడితే
బోరునీళ్లలోని ఫ్లోరైడుని పట్టుకుంటుందేమోనని
నాకొక అనుమానం.

అనుమానానికి డబ్బులెట్లా అడగాలో
ఏ క్లాసులోనూ చెప్పలేదు.
మీ ఫారంలో దానికి గడి లేదు.
'ఆశించిన ఫలితం' ఉంది,
'జాతీయ ప్రాధాన్యం' ఉంది, వంద మాటలు మించరాదు.
మొదటిసారి అందులో
వెలుగొండయ్య మోకాళ్ల గురించి రాశాను.
వంద దాటిపోయింది.
రెండోసారి మోకాళ్లు తీసేశాను.
మూడోసారి పద్ధతి స్పష్టంగా లేదన్నారు.
నాలుగోసారి
ప్రిన్సిపాల్ సంతకం మీద సీలు పక్కకి జరిగిందన్నారు.
ఐదోసారి ఏమీ అనలేదు.
మంజూరంటే అదేనని తర్వాత తెలిసింది.

అయాన్ మీటరు, ఒకటి.
కొటేషన్లు మూడుండాలి.
ఒంగోలులో మేమెరిగి అమ్మేవాళ్లు ఇద్దరే,
మూడోది మొదటాయన బావమరిది రాసిచ్చాడు.
ఇది చెప్పకూడదేమో.

సహాయకురాలు షెహనాజ్, ఎమ్మెస్సీ,
పొదిలి నుంచి పొద్దున్నే బస్సు.
జీతం నాలుగు నెలలకే సరిపోయింది.
ఆమె పన్నెండు నెలలూ వచ్చింది.
ఆ ఎనిమిది నెలల్ని ఏ పద్దులో వేయమంటారు?

ప్రయాణ ఖర్చులు: సున్నా.
మా ల్యాబ్ అటెండరు కాశింపీరా
కొనకనమిట్ల, మర్రిపూడి వైపు
ఇరవై మూడు బోర్ల నీళ్లు
తన టీవీఎస్ బండి మీద క్యాన్లకెత్తుకొచ్చాడు.
పెట్రోలు బిల్లు తెమ్మంటే తలగోక్కున్నాడు.
"మా నాయన ముప్పైయేళ్లు ఆ దుమ్ము పీల్చి
దగ్గి దగ్గి పోయినాడు మేడమ్.
దానికి యాడన్నా ఒక మంచి గుణం ఉంటే
చూడాలని ఉండాది" అన్నాడు.
ఆ మాటకు రశీదు లేదు.

ఫలితం.
లీటరుకు నాలుగున్నర మిల్లీగ్రాములున్న నీళ్లు
ఒకటీ పాయింటు ఎనిమిదికి దిగాయి.
దిగాల్సింది ఒకటికి.
పదకొండో వడపోతకి పొడి అలిసిపోతోంది.
ఎందుకో తెలీదు.
సఫలం, విఫలం అని మీవి రెండే గడులు,
నా పెన్ను రెంటి మధ్య గీత మీద ఆగింది.

వెలుగొండయ్య ఒకనాడు కర్ర పోటేసుకుంటా ల్యాబ్‌కొచ్చి
నేను వద్దనేలోపే బీకరెత్తి తాగేశాడు.
"చప్పగుండాయే" అన్నాడు.
షెహనాజ్ అది కూడా
తేదీ వేసి నోటుపుస్తకంలో రాసింది.

మిగులు: నూట పన్నెండు రూపాయలు.
డీడీ తీసి పంపుతున్నా, కమిషన్ నా పర్సులోంచి.
సీలు ఈసారి గడి మధ్యలోనే పడింది, చూసుకోండి.

కొత్త దరఖాస్తు దీంతోపాటే జతచేశాను.
జాతీయ ప్రాధాన్యం గడిలో
ఈసారి మోకాళ్లతోనే మొదలుపెట్టాను.
తొంభై ఎనిమిది మాటలు.
లెక్కపెట్టుకోండి.