రెండడుగుల ఆరంగుళాలు

డీఏ బకాయి ముప్పై ఎనిమిది వేలు ఒకేసారి పడింది.
ఆ సాయంత్రమే సైకిలు తోసుకుంటూ
గుణుపురం బస్టాండు వెనక సందులో
దండాసి మేస్త్రి కొట్టుకెళ్ళాను.
బోర్డు పైన ఒడియా, కింద తెలుగు;
తెలుగు 'రిపేరు'లో కొమ్ము రాలిపోయి చాలా ఏళ్ళయింది.

ముందు ఫోర్కు మార్చాలన్నాను.
పుట్టాసింగి దారిలో దిగుతుంటే
మోచేతుల్లో రాళ్ళు దొర్లుతున్నాయన్నాను.
ఈనబోయే ఆవుని చూసినట్టు
ఫ్రేము మెడ తడిమి చూశాడు.

"ఇది నిలువు మెడ బాబూ.
ఇప్పుడొచ్చేవన్నీ పైన సన్నం, కింద లావు. పట్టదు."
పట్టేదే వెతుకుదాం.
"పట్టినా దాని ఇరుసు పదిహేను. నీ హబ్బు తొమ్మిది."
హబ్బు మారుద్దాం.
"హబ్బు మారితే చువ్వలు మారాలి.
కొత్త చువ్వలకి పాత రిమ్మెందుకు?
రిమ్ము కొనబోతే ఇరవయ్యారు ఎవడు చేస్తున్నాడు?
ఇరవయ్యేడున్నర, కాదంటే ఇరవై తొమ్మిది."
ముందు పెద్దది, వెనక చిన్నది వేస్తే
చదునులో కూడా కొండెక్కుతున్నట్టుంటుంది కదా అన్నాను.
అతను నవ్వలేదు.

గోచీ కొరికిన ఎలుక కోసం పిల్లి,
పిల్లి పాల కోసం ఆవు,
ఆవు గడ్డి కోసం పొలం.
ఆ సన్యాసికి మొదట కావలసింది
ఒక ఫోర్కు అయుంటుంది.

టీ వచ్చింది. మేస్త్రి ఇంకో కథ విప్పాడు.
పెడళ్ళ నడుమ బేరింగుకి ఒకప్పుడు మరలుండేవి.
మరలొద్దు, గుద్ది దూర్చమన్నారు.
కిర్రుమంటోందని జనం మొత్తుకున్నాక
మళ్ళీ మరలే మేలంటున్నారు.
"మధ్యలో కొన్నవాడో?"
"నూనె పోసుకుంటూ తొక్కుతున్నాడు."

మా నాన్న నేరోగేజి లైన్లో గ్యాంగు మేస్త్రి.
నౌపడ నుంచి గుణుపురం దాకా
పట్టాల మధ్య రెండడుగుల ఆరంగుళాలు.
స్లీపరు మీద స్లీపరు తొక్కి తొక్కి
పెళ్ళిళ్ళలో కూడా అవే అడుగులు వేసేవాడు.
పట్టాలు పీకి బ్రాడ్‌గేజి వేస్తామంటే
ఊళ్ళో మిఠాయిలు పంచారు. నాన్నా పంచాడు.
కొత్త రైలెక్కి పర్లాకిమిడి ఆసుపత్రికి
హాయిగా వెళ్ళొచ్చాడు కూడా.
గేజి కొలిచే ఇనపకడ్డీ మాత్రం
స్టోరులో అప్పజెప్పలేదు.
"పాత కొలత ఎవడూ వెనక్కడగడ్రా," అన్నాడు.
చిక్కుడు పాదుకి దాన్ని ఊతం పెట్టాడు.

పశువుల డాక్టరు గారబ్బాయి నికుంజది ఇరవై తొమ్మిది.
ఒకసారి తొక్కమని ఇచ్చాడు.
అబద్ధమెందుకు, రాళ్ళ మీద రాజులా పోయింది.
దిగి నాదెక్కితే గాడిదపిల్ల.
అదే రాజు ఇప్పుడు మేస్త్రి దూలానికి
పదకొండు రోజులుగా వేలాడుతున్నాడు:
సెరంగో దగ్గర గేరు కొక్కెం వంగింది,
ఆ కొక్కెం ఆ మోడలుకే, ఆ ఏడాదికే,
భువనేశ్వర్ నుంచి రావాలి.

రెండు రాత్రులు లెక్కలు వేశాను.
కరెంటు బిల్లు వెనక, క్యాలెండరు అంచున.
మా ఆవిడ పాలలెక్క అనుకుని కూడబోయింది.

చివరికి ఫోర్కు కాదు.
తీగ బ్రేకులు తీయించి నూనె బ్రేకులు వేయించాను.
మెడ ఏదైనా, ఇరుసు ఎంతైనా
వాగు ముందు ఆగడం ఒకటే.
ఆరు బోల్టుల డిస్కు ఇంకా దొరుకుతోందట.
ఆ 'ఇంకా' మేస్త్రి రెండుసార్లు అన్నాడు.
మిగిలినదాంట్లో ఇరవయ్యారు టైర్లు నాలుగు,
అటక మీద, ఆవకాయ జాడీల పక్కన.

కొక్కెం వచ్చిన ఆదివారమే నికుంజకి పంక్చరు.
మా పెరట్లో ఆగి, చక్రం విప్పి
చిక్కుడు నీడలో పడుకోబెట్టాడు.
నాకెందుకో కడ్డీ పెరికి పక్కన పెట్టి చూడాలనిపించింది.
ఇరవై తొమ్మిదీ ఆ పట్టాల నడుమ పడుతుంది.
ఒక అంగుళం మిగులుతుంది.
నాన్న ఉంటే ఆ అంగుళం మీద ఏదో ఒకటి అనేవాడు.

ఈలోగా పాదు ఒరిగిపోయింది.
కడ్డీ మళ్ళీ గుచ్చి
పాత బ్రేకు తీగతో బిగించి కట్టాను.